ఎనిమిది ఇండ్ల పడుగు, ఒక్కరి పేరు

ఏం పని చేసి రిటైరయ్యావని ఎవరైనా అడిగితే ఇంగ్లిష్ సారుని అని చెబుతాను. అది సగం నిజం. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పిన మాట వాస్తవమే గానీ, చివరి పద్నాలుగేళ్లు సిద్దిపేట పాత బస్టాండు దగ్గర ఒక కోచింగ్ సెంటర్‌లో కూర్చుని, బిజినెస్ స్కూళ్లకు దరఖాస్తు పెట్టుకునే పిల్లల వ్యాసాలు దిద్దాను. దిద్దడం అనేది మర్యాదకు వాడే మాట. రాసిపెట్టాను. మొన్న ఆ సెంటర్లో నా కుర్చీలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఫోన్ చేసి, టీమ్‌వర్క్ వ్యాసం ఎట్లా రాయించాలో నాలుగు ముక్కలు చెప్పమని అడిగింది. నాలుగు ముక్కల్లో తేలే సంగతి కాదు గనక ఇది రాస్తున్నాను. ఆమెకు నచ్చకపోవచ్చు, అయినా చదవాలి.

ఆ ప్రశ్న సంగతి

పెద్ద బిజినెస్ స్కూళ్లన్నీ ఒకే ప్రశ్నను రకరకాలుగా తిప్పి అడుగుతాయి. మీరు ఒక బృందంలో పనిచేసిన సందర్భం చెప్పండి, అందులో మీరేం చేశారో మూడు వందల మాటల్లో రాయండి అంటాయి. పదిమంది చేసిన పని గురించి ఒక్కణ్ణే అడుగుతారు. మిగతా తొమ్మిదిమందినీ ఎవరూ విచారించరు. ఆ ఒక్కడు తన గురించి తాను చెప్పుకున్నదాన్ని బట్టి, వాడు నలుగురితో కలిసి పనిచేయగలడో లేదో తేలుస్తారు. ఈ పద్ధతి కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, పెళ్లిలో వంట ఎట్లా కుదిరిందో తెలుసుకోవడానికి పెళ్లికొడుకును అడిగే రకం.

జవాబులు కూడా ప్రశ్నకు తగ్గట్టే ఉంటాయి. నా దగ్గరికి వచ్చిన ప్రతి కుర్రాడూ కాలేజీలో రక్తదాన శిబిరం నడిపినవాడే. ఆ వ్యాసాల్లో ఇచ్చిన రక్తమంతా నిజంగా ఇచ్చి ఉంటే మన దవాఖానలో సీసాలు పెట్టడానికి జాగ సరిపోయేది కాదు. ప్రతి జట్టులోనూ ఒక బద్ధకస్తుడు, ఒక కోపిష్ఠి తప్పనిసరిగా ఉంటారు. మన హీరో ఆ బద్ధకస్తుణ్ణి టీ కొట్టుకు తీసుకెళ్లి మనసు విప్పి మాట్లాడతాడు. వాడు మర్నాటి నుంచి రెట్టింపు పనిచేస్తాడు. నా అరవై మూడేళ్ల బతుకులో టీ తాగి మారిన బద్ధకస్తుణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. టీ తాగి ఇంకో టీ చెప్పమన్నవాళ్లను మాత్రం చాలామందిని చూశాను.

ఈ చెత్త రాసినవాళ్లలో నేనే ముందున్నాను. ఎవరినో తిట్టి నేను తప్పుకుంటున్నానని అనుకోవద్దు.

ఒక స్టేజీ, ఇద్దరు నాయకులు

ఒకసారి రాయపోల్ నుంచి ఒకడు వచ్చాడు. ఇంజినీరింగ్ కాలేజీ ఉత్సవాలకు గంట ముందు గాలికి స్టేజీ కూలిపోతే, తాను ఇరవైమందిని కూడగట్టి మళ్లీ నిలబెట్టానన్నాడు. బాగుందనుకుని రాసిపెట్టాను. రెండు వారాలకు మద్దూరు నుంచి ఇంకొకడు వచ్చాడు. అదే కాలేజీ, అదే స్టేజీ, అదే గాలి. ఈసారి నిలబెట్టింది వీడట. మరి రాయపోల్ పిల్లవాడు ఏం చేశాడని అడిగితే, "వాడా సార్, వాడు ఫోటోలు దిగిండు," అన్నాడు. మొదటివాడు మళ్లీ వచ్చినప్పుడు రెండోవాడి గురించి అడిగాను. వాడు కూడా ఫోటోలే అన్నాడు.

అసలు స్టేజీ కట్టింది ఎవర్రా అంటే మాత్రం ఇద్దరూ తడుముకోకుండా ఒకే పేరు చెప్పారు. వాళ్ల క్లాసులోనే ఉన్న మూడో పిల్లవాడు. ఇప్పుడు ఊళ్లో టెంటు హౌసు పెట్టుకున్నాడట. అతను ఎంబీఏకు పెట్టడా అని అడిగితే, వానికేం అవసరం సార్ అని ఇద్దరూ నవ్వారు. ఆ ఇద్దరికీ ఒకే స్కూల్లో సీటొచ్చింది. రెండు వ్యాసాలూ ఒకే బల్ల మీదికి వచ్చి ఉంటాయి. చదివినవాళ్లకు ఒక్క స్టేజీకి ఇద్దరు నాయకులెట్లా అన్న అనుమానం కూడా రాలేదు. అక్కడ కూర్చున్నవాళ్ల తెలివి మీద నాకున్న గౌరవం ఆ రోజుతో పోయింది.

నేను మాత్రం ఆ కథను చాలా రోజులు నలుగురికీ చెప్పుకుని నవ్వాను. అప్పుడే ఆ ఉద్యోగం మానేసి ఉండాల్సింది.

మూడు గళ్ల కాగితం

మా సెంటర్ యజమాని తనను డైరెక్టర్ అని పిలిపించుకునేవాడు. వయసు ముప్పై అయిదు. నన్ను సార్ అనేవాడు గానీ కుర్చీ మాత్రం తనదే ఎత్తుగా వేయించుకున్నాడు. అతను ఒక కాగితం అచ్చు వేయించాడు. అందులో మూడు గళ్లు. సమస్య, నేను, ఫలితం. పిల్లలు ఏ అనుభవం తెచ్చినా ఆ మూడు గళ్లలో కుక్కి ఇవ్వాలి.

ఒకరోజు నేను ఉండబట్టలేక అడిగాను. టీమ్‌వర్క్ వ్యాసం కదా, మరి మిగతా మనుషులను ఏ గడిలో పెట్టాలి అని. డైరెక్టర్ ఒక్క క్షణం ఆలోచించి, "వాళ్లను సమస్య గడిల పెట్టుండ్రి సార్," అన్నాడు.

వెటకారానికి అన్నాడనుకున్నాను. కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ తర్వాత నేను కూడా అట్లాగే పెట్టడం మొదలుపెట్టాను. తోటివాళ్లు ఎంత పనికిమాలినవాళ్లయితే మన పిల్లవాడు అంత మెరుస్తాడు. ఈ కిటుకు పట్టుబడ్డాక నా వ్యాసాలకు ఇంటర్వ్యూ పిలుపులు ఎక్కువయ్యాయి. సిగ్గు లేకుండా గర్వపడ్డాను కూడా.

స్వప్న తెచ్చింది

స్వప్న సిద్దిపేట అమ్మాయే. తండ్రి సత్తయ్య మగ్గం మీద చీరలు నేస్తాడు. ఆమె హైదరాబాదులో ఒక ఫైనాన్స్ ఆఫీసులో పనిచేస్తూ శనివారాలు ఇంటికి వచ్చేది. మంచి స్కూల్లో ఎంబీఏ చేయాలన్నది ఆమె కోరిక. ఇంట్లో అంతవరకు డిగ్రీ దాటినవాళ్లు లేరు. ఆమె తన టీమ్‌వర్క్ వ్యాసం తానే రాసుకుని తెచ్చింది. అంతకుముందు నా దగ్గరికి అట్లా ఎవరూ తేలేదు.

అందులో ఉన్నది పడుగు గురించి. నేత తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. చీరలో పొడుగునా పోయే దారాల వరుసను పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు దానికి గంజి పెట్టాలి. తెల్లవారగానే పడుగును వీధి పొడుగునా కర్రల మీద పరిచి, గంజి పట్టించి, అటు కొందరు ఇటు కొందరు నిలబడి కుంచెలతో దువ్వాలి. ఎండ ముదిరేలోపు దారానికి దారం విడివడి ఆరాలి. కొసలు పట్టుకున్నవాళ్లు బిగువు వదలకూడదు. ఒక ఇంటివాళ్లతో అయ్యేది కాదు గనక ఎవరి పడుగైనా వీధిలో ఎనిమిది ఇండ్లవాళ్లూ వస్తారు. పిలుపులు ఉండవు. రేపు ఫలానావాళ్లది అని తెలిస్తే కుంచె పట్టుకుని వచ్చేస్తారు.

స్వప్న డిగ్రీ చదివేటప్పుడు ఒకరోజు వాళ్ల పడుగుకే కొస పట్టుకుని నిలబడింది. ఫోన్ మోగింది. ఒక చేత్తో తీయబోయింది. కొస జారి, తడి పడుగు మట్టిలో పడింది. దారాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఎదురింటి రాజవ్వ అందరినీ అక్కడే కూర్చోమంది. ఎనిమిది ఇండ్లవాళ్లూ తమ మగ్గాలు ఆపుకుని, నీళ్లు చిలకరిస్తూ మధ్యాహ్నం దాకా ఒక్కో దారం విడదీశారు. ఎవరి తప్పని ఎవరూ అడగలేదు. అంతా అయ్యాక రాజవ్వ ఆ పిల్లతో, రేపటి నుంచి ఫోన్ ఇంట్లో పెట్టి రమ్మని చెప్పి వెళ్లిపోయింది. స్వప్న రాసింది అంతే. ఇంగ్లిష్‌లో అక్కడక్కడా తప్పులున్నాయి.

పద్నాలుగేళ్లలో నా చేతికి వచ్చిన ఒకే ఒక్క నిజమైన వ్యాసం అది. నేను పకపకా నవ్వాను. కొస వదిలేశానని నీ చేత్తో నువ్వే రాసుకుంటే నిన్నెవరు తీసుకుంటారమ్మా అన్నాను. గంటలో మొత్తం మార్చేశాను. కొస ఎవరో వదిలారు, పేరు లేదు. అందరూ గాభరా పడుతుంటే స్వప్న ఎనిమిది కుటుంబాలను నాలుగు బృందాలుగా విడగొట్టి పనులు పంచింది. పాత పద్ధతులు వదలని ఒక వృద్ధురాలు అడ్డుపడింది. స్వప్న ఆమెకు ఓపికగా నచ్చజెప్పింది. పడుగు దక్కింది. సమస్య గడిలో ఎవరో ఒకరు ఉండాలి గనక రాజవ్వను పెట్టాను.

స్వప్న కాగితం రెండుసార్లు చదివింది. "గిట్ల కాలేదు గద సార్," అంది చివరికి.

"వాళ్లేమన్న మీ గల్లీకొచ్చి చూస్తరా?" అన్నాను.

ఆమె పంపింది. సీటొచ్చింది.

ఫ్లెక్సీ

సీటొస్తే ఫ్లెక్సీ కట్టడం మా డైరెక్టర్‌కు అలవాటు. ఊళ్లో రెండు చోట్ల కట్టి, మూడోది స్వప్న వాళ్ల వీధి మొదట్లోనే కట్టించాడు. తెలుగులో నాలుగు వాక్యాలు కావాలంటే నేనే రాసిచ్చాను. ఎనిమిది కుటుంబాలను ఒక్క తాటి మీద నడిపి, పాతకాలపు పట్టుదల వదలని వృద్ధురాలిని ఒప్పించి, పడుగును కాపాడిన మా విద్యార్థిని అని రాశాను. తాటి అన్న మాట కుదిరిందని మురిసిపోయాను కూడా. అది చదివేవాళ్లు ఆ ఎనిమిది కుటుంబాలవాళ్లేనన్న ఆలోచన నాకు గానీ డైరెక్టర్‌కు గానీ రాలేదు. ఇంత చదివి ఇంత మొద్దుబారడం మామూలు సంగతి కాదు.

రాజవ్వకు చదువు రాదు. ఎవరో చదివి వినిపించారు.

ఆ వారంలోనే సత్తయ్య కొత్త పడుగు సిద్ధం చేసుకున్నాడు. పొద్దున్నే గంజి కాచి, కర్రలు నాటి, వీధిలో నిలబడ్డాడు. ఒక్కరూ రాలేదు. గొడవ లేదు, మాట అనడం లేదు. అడిగితే ఒకరికి జ్వరమన్నారు, ఒకరికి కరీంనగర్‌లో పని ఉందన్నారు. మర్నాడు కూడా అంతే. మూడోరోజు కూడా గంజి పారబోసుకుని ఆయన లోపలికి వెళ్లాడు. ఆయనా భార్యా ఇద్దరూ ఎంత తంటాలు పడినా వీధి పొడుగు పడుగు దువ్వలేరు. దువ్వని పడుగు మగ్గం ఎక్కదు. మగ్గం ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగినట్టే.

శనివారం స్వప్న ఫోన్ చేసింది. సంగతి చెప్పి రమ్మంది. నేను నా ధోరణిలో, సీటు వచ్చింది కదమ్మా, వాళ్లకు కుళ్లు, నాలుగు రోజులకు సర్దుకుంటుంది అన్నాను.

"సీటు నాకొచ్చింది సార్. పడుగు మా బాపుది. మీరు రావాలె."

రాజవ్వ అరుగు మీద

స్వప్నతో కలిసి వెళ్లేసరికి రాజవ్వ అరుగు మీద రాట్నం ముందు కూర్చుని కండెలకు దారం చుడుతోంది. డెబ్భై ఏళ్లుంటాయి. మమ్మల్ని చూసి కూడా రాట్నం ఆపలేదు. నేను నిలబడే చెప్పాను. అది రాసింది నేనేనని, పిల్ల తప్పు లేదని, ఇట్లాంటివి అట్లాగే రాయాలని, అది ఒక పద్ధతని. నా మాటలు నాకే ఎంత చవకగా వినిపించాయో చెప్పలేను.

అప్పుడు రాట్నం ఆపింది.

"నేను మారనన్ననా సారూ? ఏం మారనన్న? నాకైతే యాదికి లేదు, నువ్వే చెప్పు," అని అడిగింది.

ఏం చెప్తాను? కోపంగా అడిగినా బాగుండేది. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. ఆమె నన్ను వదిలేసి స్వప్న వైపు తిరిగింది.

"సార్ రాసిండు సరే. నువ్వు సదువలేదా?"

"సదివిన అవ్వా. సదివే పంపిన."

"మరి మాకెందుకు చెప్పవడ్తివి? ఆడ ఏమైందో మాకు ఎర్కే గద. ఎర్క లేనోళ్లకు చెప్పు పో."

మళ్లీ రాట్నం తిప్పసాగింది. మేం తిరిగి వస్తుంటే వెనక నుంచి, పొద్దుగాల గంజి కాయమని మీ బాపుకు చెప్పు అని మాత్రం అంది. మర్నాడు ఎనిమిది ఇండ్లవాళ్లూ వచ్చారట. స్వప్న ఏమి చేస్తుందన్నదానికి ముడిపెట్టలేదు, మాట తీసుకోలేదు. పడుగు ఆరగానే ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లిపోయారట.

మూడు వాక్యాల ఉత్తరం

ఆ ఆదివారం మధ్యాహ్నం స్వప్న ఫోన్‌తో నా దగ్గరికి వచ్చింది. స్కూలుకు మెయిల్ పెడతానంది. నేను కంగారుపడ్డాను. సీటు పోతుందని చెప్పాను. అంతగా పంపాలనుకుంటే మెత్తగా రాయవచ్చన్నాను. పొరపాటు అనకుండా అనువాదంలో తేడా అనవచ్చు. ఆగు, నేనే రాసిస్తాను అని కళ్లజోడు కూడా తీసుకున్నాను. నా బుద్ధి అంత తొందరగా మారుతుందా!

"వద్దు సార్. గిది నేనే రాస్త," అంది.

నా ఎదురుగానే రాసింది. మూడు వాక్యాలు. కొస వదిలింది నేను. అందరినీ కూర్చోబెట్టి పడుగును కాపాడింది రాజవ్వ అనే పెద్దమనిషి. వ్యాసంలో దీనికి విరుద్ధంగా ఉన్నదానికి నాదే బాధ్యత. వ్యాసం మార్చిన నా పేరు మాత్రం ఆమె ఎక్కడా పెట్టలేదు. ఇంగ్లిష్‌లో రెండు తప్పులు కనిపించాయి. జీవితంలో మొదటిసారి తప్పులు చూసి నోరు మూసుకున్నాను. ఆమె నన్ను అడగలేదు, పంపేసింది.

రెండు వారాలకు జవాబు వచ్చింది. నిజాయితీని గౌరవిస్తున్నామన్నారు. దరఖాస్తులో తప్పుడు సమాచారం ఉన్నందున సీటు రద్దు చేస్తున్నామన్నారు. రెండు మాటలూ ఒకే పేరాలో ఉన్నాయి. వాళ్ల నియమం ప్రకారం అది సరైనదే కావచ్చు, నేను కాదనను. కానీ ఆ ఏడాది నేను రాసిన వ్యాసాలతో ఇంకో నలుగురికి సీట్లొచ్చాయి. ఆ నలుగురూ ఇప్పుడు చక్కగా చదువుకుంటున్నారు, రేపు జట్లను నడుపుతారు. అబద్ధాన్ని పట్టుకోవడం ఆ స్కూలుకు చేతకాలేదు, నిజం చెప్పిన పిల్లను వెళ్లగొట్టడం మాత్రం చేతనైంది. వీళ్లు దేశానికి మేనేజర్లను తయారుచేస్తారట!

డైరెక్టర్ ఫ్లెక్సీలు విప్పించి, అదే చట్రాలకు ఇంకో పిల్లవాడి బొమ్మ కట్టించాడు. ఈ సంగతి బయటికి పొక్కితే సెంటర్ పేరు పోతుందని నాకు జాగ్రత్త చెప్పాడు. మర్నాటి నుంచి నేను వెళ్లలేదు. వీడ్కోలు సభ పెడతామన్నారు. శాలువా, మాటలు వద్దన్నాను. కుర్చీలోకి కొత్తగా వచ్చిన అమ్మాయికి నేను చెప్పగలిగేది ఒక్కటే. పిల్లలు వ్యాసం తెస్తే ఇందులో ఎవరి పేరు తీసేశావని ముందు అడుగు. చెప్పలేకపోతే ఇంటికి పంపించు. నీ ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో నేను హామీ ఇవ్వలేను.

సీటు పోయిన వారానికి సత్తయ్య మా ఇంటికి వచ్చాడు. నాలుగు తిట్లు తిడతాడని, తిట్టనీ అని సిద్ధపడి కుర్చీ వేశాను. ఆయన కూర్చోలేదు. పిల్ల హైదరాబాదులో మళ్లీ డ్యూటీకి పోతోందని, రాజవ్వ రోజూ ఆమె గురించి అడుగుతోందని చెప్పాడు. సీటు మాట ఎత్తనే లేదు. నేనే ఎత్తబోతే చేయి అడ్డం పెట్టాడు. చెప్పులు వేసుకుని, మళ్లీ ఆగి, కొంచెం మొహమాటంగా అడిగాడు.

"రేపు రాజవ్వోళ్ల పడుగు ఉన్నది సారూ. మా పొల్ల లేదు, ఒక కొసకు మనిషి తక్కువ పడ్తుండు. నువ్వొస్తవా?"

టీమ్‌వర్క్ గురించి కొన్ని వందల వ్యాసాలు రాశాను. ఫలానా పనికి మనిషి తక్కువైంది, రమ్మని నన్ను పిలిచినవాళ్లు మాత్రం అప్పటిదాకా ఎవరూ లేరు. వస్తానన్నాను. ఫోన్ ఇంట్లో పెట్టి రావాలని ఆయన చెప్పి వెళ్లాడు.